లెడ్ పడ్తలేదా? నంబరు పెంచే ముందు బిట్ చూడండి

"అన్నా, లెడ్ పడ్తలేదు, జర హీటు పెంచు." హన్మకొండలో మొబైల్ షాపయినా, జమ్మికుంటలో మోటారు స్టార్టర్లు బాగుచేసే దుకాణమైనా సోల్డరింగ్ బల్ల దగ్గర వినబడే మాట ఇదే. లెడ్ అంటే సోల్డర్, మన షాపుల్లో అలాగే అంటాం. సోల్డరింగ్ స్టేషన్‌లో, అంటే వేడి నంబరు పెట్టుకునే ఐరన్‌లో, 350 డిగ్రీల మీదున్న నాబ్ 400కు పోతుంది, అక్కడి నుంచి 450కు. ఒక పది నిమిషాలు లెడ్ నీళ్లలా పారుతుంది. ఆ తర్వాత ఐరన్ ముందు ఉండే బిట్ కొన నల్లబడుతుంది. లెడ్ దానికి అంటుకోకుండా గోళీలా ఉండకట్టి కింద పడుతుంది, బోర్డు మీద లెడ్ పట్టే రాగి బిళ్ల, అంటే ప్యాడ్, లేచి వస్తుంది. అప్పుడు మళ్లీ హీటు పెంచుతారు.

హీటు తక్కువై లెడ్ పట్టకపోవడం చాలా అరుదు. బిట్‌లో ఉన్న వేడి జాయింటు దాకా పోవట్లేదు, అసలు చిక్కు అదే. నంబరు పెంచితే ఆ చిక్కు తీరదు, బిట్ ఆయుష్షు తీరుతుంది.

తెర మీద 350 అని కనిపిస్తే బిట్ కొన 350 ఉందని కాదు, లోపల హీటరు పక్కనున్న సెన్సర్ దగ్గర 350 ఉందని. కొన ప్యాడ్‌కు తగలగానే రాగి ఆ వేడిని లాగేసుకుంటుంది. సెన్సర్‌కు ఆ కబురు అంది, హీటరు మళ్లీ వేడెక్కి, ఆ వేడి కొన దాకా వచ్చేలోగా కొన్ని క్షణాలు పోతాయి. ఈ ఆలస్యం హాకో 936 రకం పాత స్టేషన్లలో ఎక్కువ, ఎందుకంటే వాటిలో బిట్ వేరు, హీటరు వేరు. సిరామిక్ కడ్డీ మీద బిట్‌ను తొడుగులా ఎక్కిస్తాం, రెండింటి మధ్య సన్నని గాలి సందు ఉంటుంది. టీ12 అనే కొత్త రకం స్టేషన్లలో హీటరు, సెన్సరు, కొన అన్నీ ఒకే కడ్డీలో బిగించి ఉంటాయి కాబట్టి సెన్సర్ కొనకు దగ్గరగా ఉంటుంది. అందుకే 936 మీద 350 పెట్టి చేసే పని టీ12 మీద 320కే అయిపోతుంది. పాత స్టేషన్ అలవాటుతో కొత్తదాని మీద అదే నంబరు పెడితే బిట్ ఆయుష్షు తగ్గుతుంది.

ఇక లెడ్ సంగతి. 63/37 లెడ్, అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్నది, సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 60/40 అయితే 183 దగ్గర మెత్తబడటం మొదలై 190 లోపు పూర్తిగా కరుగుతుంది. ఫోన్లు, లాప్‌టాప్‌ల బోర్డుల మీద కంపెనీ వేసే లెడ్-ఫ్రీ (సీసం లేని) సోల్డర్ 217 నుంచి 220 మధ్య కరుగుతుంది. బిస్మత్ కలిసిన తక్కువ వేడి పేస్టుకు 138 చాలు. మరి 183కే కరిగేదానికి 330 ఎందుకు? జాయింటు రెండు మూడు సెకన్లలో కరిగే వేడికి ఇంకో నలభై, యాభై డిగ్రీలు పైకి చేరాలి, అప్పుడే లెడ్ రాగి మీద పరుచుకుంటుంది. కొనకూ జాయింటుకూ మధ్య తేడా ఉంటేనే వేడి పారుతుంది. ఆ తేడా కోసమే 330. అంతకన్నా పెంచుతూ పోతే జాయింటుకు దక్కే లాభం కొంచెం, ఫ్లక్స్‌కు (లెడ్ పారేలా లోహం మీది పొరను తీసే మందు), ప్యాడ్‌కు, బిట్‌కు జరిగే నష్టం చాలా.

నేను చెప్పే సెట్టింగులు ఇవి. మామూలు లెడ్‌తో చిన్న కాంపొనెంట్లు, సన్న వైర్లు అయితే 936 మీద 330 నుంచి 350, టీ12 మీద 300 నుంచి 330. లెడ్-ఫ్రీ జాయింట్లకు ముందు కొంచెం మామూలు లెడ్ కలిపి కరిగించండి, కరిగే వేడి దిగుతుంది. అలా చేస్తే 350 దాటాల్సిన పని అరుదుగా పడుతుంది. ఫోన్‌లో ప్లాస్టిక్ కనెక్టరు, రిబ్బన్ కేబుల్ ఉన్నచోట 300 చాలు. స్టార్టర్ బోర్డు మీద రిలే కాళ్లు, ఇన్వర్టర్ బోర్డులో మాస్‌ఫెట్‌ల (ఎక్కువ కరెంటు మోసే ట్రాన్సిస్టర్ల) కింద వెడల్పాటి రాగి పట్టీలు, అక్కడ 360, 370 దాకా పోవచ్చు, అదీ వెడల్పాటి బిట్‌తో. 400 పైన రోజువారీ పని ఏదీ లేదు.

ఆ 'వెడల్పాటి బిట్' అన్న మాటే ఈ పోస్టులో ముఖ్యమైనది. స్టేషన్‌తోపాటు వచ్చే సూది బిట్‌తోనే అన్ని పనులూ చేయాలని చూడటం వల్ల సగం బాధలు. సూది కొనలో లోహం తక్కువ, ప్యాడ్‌కు ఆనే చోటు ఇంకా తక్కువ. రిలే కాలు మీద దాన్ని పది సెకన్లు అదిమి పెట్టినా లెడ్ పెరుగులా గట్టిగానే ఉంటుంది. అదే జాయింటు మీద 2.4 మిల్లీమీటర్ల ఉలి బిట్ పెట్టి, ముందుగా కొన మీద ఒక చుక్క తాజా లెడ్ వేసి తాకిస్తే, 340కే రెండు సెకన్లలో కరుగుతుంది. ఆ చుక్కే వేడికి వంతెన. పొడి కొన ప్యాడ్‌ను ఒక్క గీత మీద తాకుతుంది, తడి కొన చుట్టూ అల్లుకుంటుంది. రోజంతా ఒకే బిట్ పెట్టుకోవాలంటే ఉలి బిట్ గానీ, కత్తిలా ఏటవాలుగా ఉండే కె బిట్ గానీ పెట్టుకోండి. సూదిని మైక్రోస్కోపు కింది పనికి దాచుకోండి.

టీ12 వాడేవాళ్లు అడాప్టరు కూడా చూసుకోవాలి. ఆ కడ్డీ రెసిస్టెన్సు సుమారు 8 ఓములు. 24 వోల్టులిస్తే 3 ఆంపియర్లు లాగుతుంది, అంటే 72 వాట్లు. ఇంట్లో పడి ఉన్న లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టరు పెడితే 45 వాట్లే. 12 వోల్టుల బ్యాటరీ మీద అయితే 18 వాట్లు, పాత 25 వాట్ల ఐరన్ కంటే తక్కువ. తెర మీద నంబరు మూడింట్లోనూ 330 అనే చూపిస్తుంది. పని చేసేటప్పుడే తేడా తెలుస్తుంది: తాకగానే నంబరు 330 నుంచి 290కి జారి మళ్లీ పైకి రావడానికి ఆయాసపడితే అది సెట్టింగు లోపం కాదు, వాట్ల లోపం. పొలం దగ్గరికి వెళ్లి పత్తి చేన్లకు వాడే బ్యాటరీ స్ప్రేయర్ వైర్లు అతికేవాళ్లు 12 వోల్టుల మీదే పని కానివ్వాలంటే ఒక్కో జాయింటుకు నడుమ ఐదారు సెకన్లు ఆగి, కొన తేరుకోనివ్వాలి. సెట్టింగు 400 చేసినా ఆ 18 వాట్లు 19 కావు.

చూపించే నంబరు నిజమో కాదో తేల్చుకోవడం తర్వాతి పని. బిట్ కొనల కోసమే చేసిన థర్మామీటరు ఉంటే మంచిదే. అందులో సన్నని సెన్సర్ తీగ అరిగిపోయేది, నల్లబడ్డాక మార్చాలి. కొనకు లెడ్ పట్టించి, స్టేషన్‌ను 400 దగ్గర పెట్టి, నంబరు నిలకడ అయ్యేదాకా ఆగి, కొనను ఆ తీగల కూడలి మీద ఆనించండి. 936లో ముందువైపు 'కాల్' అని రాసున్న చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది. సన్నని మైనస్ స్క్రూడ్రైవరుతో దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వేడి పెరుగుతుంది, ఎదురు తిప్పితే తగ్గుతుంది. వెంట్రుక వాసి తిప్పి, అరనిమిషం ఆగి, మళ్లీ కొలవాలి. ఆగకుండా తిప్పుకుంటూ పోతే అవతలికి దాటిపోతుంది. 400 దగ్గర కుదిరాక మీరు నిజంగా పనిచేసే 330 దగ్గర ఇంకోసారి చూడండి, మీకు కావాల్సింది అక్కడి లెక్క. డిజిటల్ టీ12లో ఇదే పని మెనూలో ఉంటుంది: అడిగిన చోట థర్మామీటరు చూపిన నంబరు ఎక్కించి సేవ్ చేయాలి. బిట్ మారిస్తే తేడా మారుతుంది కాబట్టి ఎక్కువ వాడే రెండు బిట్‌లకు విడివిడిగా చేసుకోండి.

థర్మామీటరు లేకపోతే లెడ్‌నే కొలబద్ద చేసుకోవచ్చు. 63/37 లెడ్ వైరు తీసుకోండి. టీ12ను 170 మీద పెట్టి, రెండు నిమిషాలు ఆగి, శుభ్రమైన కొనకు వైరు తాకించండి. కరగకూడదు. ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిసారీ ఒక నిమిషం ఆగుతూ చూడండి. 185, 190 మధ్య కరిగితే స్టేషన్ నిజం చెబుతున్నట్టే. 170కే కరిగితే చూపేదాని కంటే ఎక్కువ వేడిగా ఉంది. 220 దాకా కరగకపోతే కొన మీద పొర ఉందేమో ముందు చూడండి, ఆ తర్వాతే స్టేషన్‌ను అనుమానించండి. 936లో నాబ్ 200 నుంచే మొదలవుతుంది కాబట్టి దానికి లెడ్-ఫ్రీ వైరు వాడండి, 217 నుంచి 225 మధ్య కరగాలి. ఇది కింది కొస మాత్రమే చెబుతుంది, 330 దగ్గర ఎంత తేడా ఉందో చెప్పదు. అయినా ఏమీ చూడకపోవడం కంటే ఎంతో మేలు.

లేజర్ చుక్క పడే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మాత్రం కొలవకండి. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా చాలా తక్కువ వదులుతుంది, పైగా గన్ చూసే చోటు ఆ కొన కంటే ఎన్నో రెట్లు పెద్దది. 350 ఉన్న బిట్‌ను అది 120 అని చూపించినా ఆశ్చర్యం లేదు. దాన్ని నమ్మి 'కాల్' స్క్రూ తిప్పితే స్టేషన్ పాడయినట్టే.

మన వరంగల్ వాతావరణంతో ముడిపడిన సంగతి ఒకటుంది. టీ12 లోపలి సెన్సర్ థర్మోకపుల్. అది అసలు వేడిని కొలవదు, కొనకూ హ్యాండిల్ దగ్గర ఉన్న రెండో చివరకూ మధ్య తేడాను కొలుస్తుంది. ఆ తేడాకు గది వేడిని కలిపి నంబరు చూపాలి. మంచి కంట్రోలరులో గది వేడి కొలిచే సెన్సర్ వేరేగా ఉంటుంది. చవక బోర్డుల్లో అది ఉండదు, గది ఎప్పుడూ 25 డిగ్రీలే అనుకుంటాయి. మే నెలలో మధ్యాహ్నం రేకుల షాపులో 42 ఉంటే, తెర మీద 330 ఉన్నప్పుడు కొన దగ్గర 347. జనవరి పొద్దున 15 ఉంటే అదే 330కి అసలు వేడి 320. అంటే ఒకే సెట్టింగుకు ఎండాకాలానికీ చలికాలానికీ 27 డిగ్రీల తేడా. చలికాలంలో బాగా పనిచేసిన నంబరుతో ఎండాకాలంలో ఫ్లక్స్ మాడిపోతుంటే కారణం ఇదే. స్టేషన్ ఆఫ్‌లో చల్లారి ఉన్నప్పుడు ఆన్ చేసి, హీటరు పట్టుకునేలోపు మొదట కనబడే నంబరు చూడండి. ఏ కాలమైనా 25 దగ్గరే ఉంటే దానికి గది సెన్సర్ లేనట్టే.

అదే ఎండాకాలంలో ఫ్యాను కూడా పనిని చెడగొడుతుంది. నెత్తి మీద ఫ్యాను, పక్కన కూలరు పెట్టుకుని బోర్డు మీద పనిచేస్తే గాలి బిట్‌ను, ప్యాడ్‌ను రెండింటినీ చల్లబరుస్తుంది. లెడ్ పారకముందే గడ్డకట్టి, పైకి గరగరలాడే బూడిదరంగు జాయింటు వస్తుంది. కొన్నాళ్లకు ఆ జాయింటు చుట్టూ పగులు పడి, స్టార్టర్ ఒకసారి పట్టుకుని ఇంకోసారి పట్టుకోదు. కూలరును మీ వీపు వైపు తిప్పుకోండి, బల్ల మీదికి గాలి రానివ్వకండి. సెట్టింగు మార్చనక్కర్లేదు.

ఇక బిట్. పాత రాగి బిట్‌ను ఆకురాయితో అరగదీసి కొత్తగా చేసుకునేవాళ్లం, అది సరైన పద్ధతే, ఎందుకంటే లోపలా బయటా అంతా రాగే. ఇప్పటి బిట్ అలా కాదు. లోపల రాగి, పైన ఇనుము పూత. లెడ్‌కు అంటుకునేది ఆ ఇనుమే, రాగిని లెడ్ తినేయకుండా కాపాడేదీ అదే. ఆకురాయి, ఉప్పు కాగితం పెడితే ఆ పూత పోతుంది, వారంలో కొనలో గుంట పడుతుంది. నల్లబడ్డ బిట్‌కు చేయాల్సింది వేరు. స్టేషన్‌ను 280కి దించండి. ఇత్తడి పీచులో రెండు మూడుసార్లు పొడిచి, ఫ్లక్స్‌లో ముంచి, వెంటనే లెడ్ వైరు దట్టంగా తిప్పండి. అంటకపోతే టిప్ టిన్నర్ (బిట్ కొనకు మళ్లీ లెడ్ పట్టించే) పేస్టులో తిప్పి మళ్లీ ఇత్తడి పీచు. ఇలా నాలుగైదుసార్లు చేస్తే మెరుపు తిరిగి వస్తుంది. 400 మీద ఇది చేస్తే శుభ్రమైన మరుక్షణమే మళ్లీ తుప్పు పొర పడుతుంది, అందుకే ముందు వేడి దించమంటున్నాను. తడి స్పాంజి వాడేవాళ్లు బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర ఆ నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, బిట్ మీద పొర కడతాయి. ఫిల్టర్ నీళ్లు పోసి, పిండితే చుక్క కారనంత తడి ఉంచండి.

936లో లెడ్ కరగకపోవడానికి ఇంకో కారణం హ్యాండిల్ నట్టు వదులవడం. బిట్ కిందికి జారి సిరామిక్ కొనకు దూరమవుతుంది. చల్లారాక చేత్తో బిగిస్తే చాలు. పట్టకారుతో బిగిస్తే సిరామిక్ పగులుతుంది. సందు పూడ్చడానికి కొందరు సిగరెట్ రేకు చుడతారు. అది బిట్‌కు అంటుకుపోతే తీసేటప్పుడు కడ్డీ విరుగుతుంది.

హీటరు మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. హాకో 936 సిరామిక్ హీటరు చల్లగా ఉన్నప్పుడు హీటరు తీగల మధ్య 2.5 నుంచి 3.5 ఓములు, సెన్సర్ తీగల మధ్య 43 నుంచి 58 ఓములు చూపాలి. వేడెక్కే కొద్దీ ఆ సెన్సర్ ఓములు పెరుగుతాయి, స్టేషన్ దాన్నిబట్టే వేడిని తెలుసుకుంటుంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే హీటర్లలో సెన్సర్ స్థానంలో థర్మోకపుల్ ఉన్నవీ దొరుకుతాయి. అక్కడ మీటరు కొన్ని ఓములే చూపిస్తుంది. దాన్ని పాత స్టేషన్‌కు కలిపితే, తక్కువ ఓములు కాబట్టి బిట్ ఇంకా చల్లగానే ఉందనుకుని స్టేషన్ కరెంటు పంపుతూనే ఉంటుంది. నాబ్ ఎక్కడున్నా బిట్ ఎర్రగా మారుతుంది. వెంటనే ప్లగ్ తీయండి. కొత్త హీటరు కొనేటప్పుడు కౌంటరు దగ్గరే మీటరుతో కొలిచి తీసుకోండి.

స్లీప్ సెట్టింగు చాలామంది ముట్టుకోరు. డిజిటల్ స్టేషన్‌లో ఐదు నిమిషాలకు 150కి దిగేలా, అరగంటకు పూర్తిగా ఆగేలా పెట్టుకోండి. హ్యాండిల్‌లో చిన్న బంతి లాంటి కదలిక స్విచ్ ఉంటుంది, కదిలిస్తే లేస్తుంది. స్టాండు మీద పెట్టినా నిద్రపోవట్లేదంటే బల్ల అదురుతోందని అర్థం: పక్కన కంప్రెసరు, గ్రైండరు ఉంటే ఇంతే. చేతిలో ఉండగానే నిద్రపోతుంటే ఆ స్విచ్ పాడయింది.

ఒక్కోచోట హీటు పెంచినా, బిట్ మార్చినా లాభం ఉండదు. మోటారు వైండింగ్ రాగి తీగ మీద గట్టి ఎనామిల్ ఉంటుంది, అది సోల్డరింగ్ వేడికి కాలదు. బ్లేడుతో చుట్టూ గీకి రాగి మెరిసేదాకా చేయాలి. స్ప్రేయర్‌లోని లిథియం సెల్ మీద నేరుగా అసలు సోల్డర్ చేయకండి, నికెల్ పట్టీ స్పాట్ వెల్డింగ్ చేయించి, ఆ పట్టీ చివర లెడ్ పెట్టండి. గోధుమరంగు చవక ఛార్జరు బోర్డుల్లో ప్యాడ్ అతుకు బలహీనం, మూడు సెకన్లు దాటితే లేస్తుంది. అక్కడ 320, ముందుగా ఫ్లక్స్, ఒక్క తాకుడు.

ఎర్తు చూసుకోకుండా ఫోన్ బోర్డు ముట్టుకోకండి. చాలా ఇళ్లలో, పాత షాపుల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ లోపల వైరు ఉండదు. స్టేషన్‌కు ఎర్తు లేకపోతే అడాప్టరు లోపలి కెపాసిటర్ల వల్ల బిట్ కొనకూ భూమికీ మధ్య వంద వోల్టుల పైన కనబడుతుంది. చేతికి చిమచిమలాడే ఆ కొద్ది కరెంటు మనిషిని ఏమీ చేయకపోయినా ఫోన్ ఐసీని చంపగలదు. ప్లగ్ తీసి, మీటరును కంటిన్యుటీలో పెట్టి, ప్లగ్ ఎర్తు పిన్నుకూ కొనకూ మధ్య చూడండి: 2 ఓముల లోపు రావాలి. తర్వాత సాకెట్‌లో ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

పొగ గురించి కూడా మనసులో పెట్టుకోండి. ఆ పొగ లెడ్‌ది కాదు, ఫ్లక్స్‌లోని రోజిన్‌ది. ఈ వేడి దగ్గర సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోయేంత ఉండదు. కానీ రోజిన్ పొగ ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. సెట్టింగు ఎంత ఎక్కువైతే పొగ అంత దట్టం. ముఖానికి పక్కగా చిన్న ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి పొగను అవతలికి లాగించండి. సీసం లోపలికి పోయేది చేతుల ద్వారా: లెడ్ వైరు పళ్ల మధ్య పట్టుకోవడం, అదే చేత్తో చాయ్, సమోసా. తినే ముందు సబ్బుతో చేతులు కడగండి. షాపులో పని నేర్చుకునే పిల్లలకు ఈ అలవాటు మొదటి రోజే చెప్పండి.

సాయంత్రం షట్టరు దించే ముందు స్టేషన్‌ను 250కి దించి, కొనను ఇత్తడి పీచులో ఒకసారి తుడిచి, లెడ్ వైరు బొట్టుగా కరిగేదాకా తిప్పండి. ఆ బొట్టును తుడవకుండా అలాగే ఉంచి స్విచ్ ఆపేయండి. పొద్దున ఆన్ చేసి 330 వచ్చాక ఆ పాత లెడ్‌ను పీచులో విదిలిస్తే కింద కొన వెండిలా మెరుస్తూ ఉంటుంది.